గోడలో చెమ్మ

బావ, బామ్మర్ది ఇళ్లకు రంగులు వేస్తారు. ఆ ఉదయం బామ్మర్ది ఈల వేస్తుంటే బావ అడిగాడు.

"ఏంట్రా, నీ దిగులంతా ఏమైంది?"

"ఆసుపత్రిలో పరీక్ష చేయించుకున్నా బావా. ఏ రోగమూ లేదట. ఇక పెళ్లికి అడ్డు లేదు."

కిందటి వారం పనికెళ్లిన చోట ఒకామెతో గడిపానని, జాగ్రత్త పడలేదని అతను బావకే చెప్పుకున్నాడు.

"నర్సమ్మ ఎప్పుడు జరిగిందని అడగలేదా?"

"అడిగింది. సిగ్గేసి పోయినేడాదని చెప్పా."

బావ బ్రష్ పక్కన పెట్టాడు. "నిన్న పైపు కారితే ఇవాళే గోడ మీద చెమ్మ కనిపిస్తుందా?"

"ఒంట్లో ఏ బాధా లేదు. దేవుడికి దండం కూడా పెట్టుకున్నా."

"నేనూ రోజూ పెడతా. దేవుడికి నిజం చెప్పి నర్సమ్మకు అబద్ధం చెబితే ఎలారా?"

మధ్యాహ్నం బామ్మర్ది మళ్లీ ఆసుపత్రికి వెళ్లి నిజం చెప్పాడు. నర్సమ్మ తిట్టలేదు. కొన్ని జబ్బులు బాధ పెట్టకుండానే ఎదుటివాళ్లకు అంటుకుంటాయని, పరీక్షలో తేలడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పింది.

తిరిగొచ్చి అడిగాడు. "చేసుకోబోయే పిల్లకు కూడా చెప్పాలంటావా బావా?"

"చెమ్మ మీద రంగు వేద్దామంటావా?"

బామ్మర్ది చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు.