గోపమ్మ చేలో నీలిపిట్టలు

భక్తి ఉన్నవాళ్ళను నేనేమీ అనను. కానీ ఆ భక్తిని పక్కవాళ్ళ చేలో కాళ్ళు పెట్టి చూపిస్తామంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. మా గోపమ్మక్క ఆముదపు చేనుకు జరిగింది అదే. ఇన్నేళ్ళు గడిచినా ఆ దసరా మాట తలచుకుంటే నా కోపం చల్లారదు.

మాది దేవరకొండ ఖిల్లా కనిపించేంత దూరంలో ఉన్న ఊరు. తెలంగాణను ఆంధ్రతో కలిపిన మరుసటి ఏడు సంగతి. వానలు ఆలస్యంగా మొదలై, మొదలయ్యాక ఆగలేదు. ఆముదం ఏపుగా లేచింది గానీ దాసరి పురుగు పడింది. అది పడిన చెట్టుకు ఈనెలు తప్ప ఆకు మిగలదు. గోపమ్మక్క చేను, మా చేను ఒకే గెట్టుకు అటూ ఇటూ. మాది జొన్న కాబట్టి బతికిపోయాం. ఆమెది మొత్తం ఆముదమే. ఆ గింజలు దేవరకొండలో అమ్మితేనే ఆ ఇంట్లో ఏడాదంతా పొయ్యి వెలుగుతుంది. ఆమె, ఆమె మొగుడు మారయ్య బావ పొద్దు పొడిచింది మొదలు పురుగులు ఏరి ముంతల్లో వేసి కాల్చేవాళ్ళు. ఏరిన చోటే మర్నాటికి మళ్ళీ ఉండేవి.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే తంగేడు పువ్వు కోసం గోపమ్మక్కా నేనూ చేను వైపుగా వెళ్ళాం. ఆమె చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది.

"పుల్లమ్మా, గవేం పిట్టలే?"

చేను చుట్టూ రాళ్ళ మీద, తుమ్మ కొమ్మల మీద నీలి పిట్టలు. చూడగానే పాలపిట్టలనుకున్నాం. కానీ మా పాలపిట్ట రొమ్ము ఇటుకపొడి చల్లినట్టుంటుంది. వీటికి తల, రొమ్ము, పొట్ట అన్నీ నీలమే, వీపు మాత్రం గోధుమరంగు. పైగా పాలపిట్ట ఒంటిది. ఇవి గుంపుగా వచ్చాయి. ఏ దేశం నుంచి ఏ దేశం పోతున్నాయో, నడుమ మా ఊరు తగిలింది. మా అవ్వ కూడా ఇలాంటి పిట్టను ఎన్నడూ చూడలేదంది. ఒక్కోటి కొమ్మ మీంచి దూకడం, ఆముదపు ఆకు మీది పురుగును ముక్కున కరవడం, రాతికేసి కొట్టి మింగడం. ఇదే పని.

గోపమ్మక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను ఏరలేనియి ఇవి ఏరుతున్నయ్. ఇంకొన్ని దినాలుంటే నా చేను దక్కుతది," అంది. ఆ రోజు నుంచి చేను దగ్గర గట్టిగా దగ్గితే కూడా ఊరుకోలేదు. మారయ్య బావను బీడీ కాల్చుకోవడానికి వాగు దాకా తరిమింది.

మారయ్య బావ మంచివాడే గానీ కల్లు తాగితే కడుపులో మాట ఆగదు. ఈత చెట్ల కింద కూర్చుని, తన చేలో దేవుడి పిట్టలు దిగాయని గొప్పలు చెప్పాడు. ఇంకేం కావాలి.

దసరా నాడు మధ్యాహ్నం ఊరంతా డప్పులతో జమ్మి చెట్టు దగ్గరికి పోయింది. పాలపిట్టను చూశాకే జమ్మి తెంపాలి, ఆ ఆకు 'బంగారం' అని పెద్దల చేతిలో పెట్టాలి, ఒకరినొకరు కౌగిలించుకోవాలి. ఆ ఏడు ఎంతసేపు నిలబడ్డా ఒక్క పాలపిట్టా కనబడలేదు. ఎవరో గోపమ్మ చేను మాట ఎత్తారు. ఊరిపెద్ద పటేలు తలపాగా సర్దుకుని, "పాండ్రి," అన్నాడు. ఊరు ఊరంతా అతని వెనక కదిలింది.

గోపమ్మక్క గెట్టు మీద కట్టె పట్టుకుని నిలబడింది. నేను పక్కన నిలబడ్డాను.

"పటేలా, దండం పెడుత. గెట్టు మీద నిలబడి చూడుండ్రి. సక్కగ కనవడుతయ్. చేన్లకు దిగొద్దు. డప్పులు జర ఆపించుండ్రి, బెదిరి పోతయ్."

"దేవుని పిట్టకు నువ్వు కావలి పెట్టినవా?" అన్నాడు పటేలు. "పండుగ పూట ఊరోళ్ళకు అడ్డం నిలబడేది నువ్వొక్కతివే. చూడుండ్రి, రొమ్ము గూడ నీలమే. పాలపిట్టలకే రాజు ఇది. మన ఊరి పుణ్యం."

పిట్టను పటేలే రాజు అన్నాక ఇక ఆగేదెవరు. ముందువాళ్ళు దిగారు, వెనకవాళ్ళు తోశారు. ఆముదపు కాడ లోపల డొల్ల. మోకాలు తగిలితే చాలు, ఫెళ్ళున విరుగుతుంది. గెలలతో ఉన్న చెట్లు చూస్తుండగానే పడిపోయాయి. పిట్టలు ఒక్కసారిగా లేచి నీలంగా తిరిగాయి. జనం తలలెత్తి చేతులు జోడించారు. కాళ్ళ కింద ఏం విరుగుతోందో ఒక్కడూ చూసుకోలేదు. వాళ్ళందరూ రైతులే. తమ చేలో ఎద్దు కాలు పెడితే తిట్లు లంకించుకునేవాళ్ళే.

అంతటితో ఆగినా బాగుండేది. పటేలుకు ఇంకో కోరిక పుట్టింది. మంచం పట్టిన తల్లికి పిట్టను చూపించాలట. తల్లి మీద ప్రేమ తప్పని నేననను. ఎద్దుల బండిలో గెట్టు దాకా తెచ్చి చూపించవచ్చు కదా. లేదు, పిట్టే ఆమె దగ్గరికి పోవాలి. పటేలు దగ్గర జీతగాడు ఐలేశం మర్రిపాలతో కాచిన జిగురు పూసిన పుల్లను ఆ చేలోనే పాతాడు. పొద్దు గుంకే ముందు ఒక పిట్ట వాలి, అంటుకుంది. కొట్టుకున్న కొద్దీ రెక్కలకు జిగురు పూసుకుంది. ఐలేశం దాన్ని రుమాల్లో చుట్టుకుని పోయాడు. అప్పుడు అతని ముఖం చూడాలి, తన బిడ్డనెవరో లాక్కుపోతున్నట్టు ఉంది. కానీ జీతగాడికి ఇష్టాయిష్టాలేముంటాయి.

ఆ సాయంత్రం పటేలు జమ్మి తెంపి తెచ్చి, తన ఇంటి మెట్ల మీద నిలబడి పంచాడు. గోపమ్మక్క కూడా చెయ్యి చాచింది. పండుగ నాడు బంగారం కాదనడం మా దగ్గర లేదు.

తెల్లారేసరికి పిట్ట చచ్చిపోయింది. రెక్కకు రెక్క అతుక్కుని, పటేలు ఇంట్లో గంప కింద పడి ఉంది. ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. దసరా పూట పాలపిట్టను చంపితే ఊరికి అరిష్టమన్నారు, ఎవరు చంపారన్నారు. మిగిలిన పిట్టలు రాత్రికి రాత్రే వెళ్ళిపోయాయి. నేను పొద్దున్నే చేను చూసి వచ్చాను. విరగని చెట్ల మీద పురుగు తాపీగా పాకుతోంది.

గోపమ్మక్క పటేలు ఇంటికి బయలుదేరింది. నేనూ, మారయ్య బావా వెంట పోయాం. మెట్ల ముందు అప్పటికే జనం ఉన్నారు.

"పటేలా, నా చేను సంగతి తేల్చుండ్రి," అంది.

పటేలు గొంతు సవరించుకున్నాడు. అరిష్టం తన మెడకు చుట్టుకోబోతోందని అతనికి తెలుసు. రాత్రంతా ఆలోచించి దారి వెతుక్కున్నట్టున్నాడు.

"సచ్చింది పాలపిట్ట కాదు," అన్నాడు. "పాలపిట్టకు రొమ్ము ఇటుక రంగుంటది. దీనికి నీలముంది. గిది వేరే పిట్ట. దీన్ని పాలపిట్ట అని మీ ఆయన పుకారు లేపి ఊరిని చేన్లకు గుంజుకొచ్చిండు. ఎవరి మీదికి తప్పు వస్తదో నువ్వే సోచాయించు."

ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. నిన్న దర్శనానికి పనికొచ్చిన నీలిరొమ్ము ఇవాళ చావగానే పనికిరాకుండా పోయింది. నిన్న రాజు, ఇవాళ ఏ జాతో తెలియని పిట్ట. నాకు నోటి దాకా తిట్టు వచ్చింది. గోపమ్మక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె కోపం నాకంటే పెద్దది, అందుకే గొంతు లేవలేదు.

"అది పాలపిట్టే అయితే, సంపిన పాపం నీది, పటేలా," అంది. అంతవరకూ ఎన్నడూ అతన్ని నువ్వు అనలేదు. "కాదంటున్నవ్. సరే, కాదు. మరి నిన్న మన ఊర్ల ఎవ్వరు పాలపిట్టను చూడలే. చూడకుంట జమ్మి తెంపినవ్, చూడకుంట పంచినవ్. గా బంగారం ఎట్ల చెల్లుతది?"

కొంగు ముడి విప్పింది. నిన్నటి జమ్మి ఆకు తీసి మెట్టు మీద పెట్టింది. "నీది నువ్వే ఉంచుకో," అంది.

ఇచ్చిన జమ్మిని తిరిగి ఇవ్వడం మా అవ్వల కాలంలో కూడా ఎవరూ చూడలేదు. మారయ్య బావ తలపాగాలోంచి తన ఆకు తీసి, పక్కన పెట్టాడు. నేను ఇంటికి పోయి దేవుని గూట్లోంచి మాది తెచ్చాను. మెట్ల దగ్గరికి తిరిగి వచ్చేసరికి ఇంకా కొందరు వస్తున్నారు. చేను తొక్కినవాళ్ళే. ఒక్కొక్కరూ తల ఎత్తకుండా ఆకు పెట్టి పోయారు. సిగ్గుపడ్డారనే అనుకుంటాను. పడాలి కూడా.

కుప్ప పెరిగింది. పటేలు ఐలేశాన్ని పిలిచి, "ఆకులే గద, ఊడ్చి పారెయ్," అన్నాడు.

ఐలేశం చీపురు పట్టుకుని వచ్చాడు. కుప్ప ముందు నిలబడ్డాడు. తర్వాత చీపురును గోడకు ఆనించాడు.

"బంగారాన్ని చీపురుతోని ఎట్ల ముట్టుకుంట, పటేలా? లోపలికి తీసుకపొమ్మంటె తీసుకపోత."

లోపలికి తీసుకుంటే ఊరి పండుగ చెడిందని ఒప్పుకున్నట్టు. ఊడ్చేస్తే జమ్మిని చెత్త చేసినట్టు. పటేలు తలుపు వేసుకున్నాడు.

ఆ ఏడు గోపమ్మక్క ఆముదాలు అమ్మడానికి దేవరకొండ బండి కట్టలేదు, కట్టేంత గింజ ఇంటికి రాలేదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మా జొన్న కోతకు కూలికి వచ్చారు. ఆ నీలిపిట్టలు మళ్ళీ ఏ ఏడూ మా దిక్కు రాలేదు. పటేలు చేనుకు పరిహారం ఇవ్వలేదు, తప్పయిందని ఒక్క మాటా అనలేదు. కానీ మెట్ల మీది ఆకులు ఎండి, గాలికి పూర్తిగా ఎగిరిపోయే దాకా, అంత పెద్ద మనిషీ తన ఇంట్లోకి పెరటి దర్వాజలోంచే వచ్చిపోయాడు.