పసుపు పెట్టిన బ్రేకులు

మా తమ్ముడు సంతబొమ్మాళి వెళ్లొస్తానని బయల్దేరి తిరిగి రాలేదు. అప్పట్నుంచి ఎవరు గడప దాటినా నా ప్రాణం వాళ్ల వెనకే పోతుంది. అలాంటిదాన్ని, మా ఆయన పాత రాజ్‌దూత్‌కి బ్రేకులు ఫోనులో కొంటామంటే ఒప్పుకున్నాను. ఆ బండి సామాన్లు పలాసలో దొరకడం ఎప్పుడో మానేశాయి. మనవరాలు ఇందు వెతికి, చవగ్గా ఉన్నాయని రెండు జతలు తెప్పించింది. డబ్బా మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను. ‘జెన్యూన్’ అని ఉంది. నమ్మాను.

కొత్త ఇనుము ఇంటికొస్తే పసుపు కుంకుమ పెట్టకుండా వాడం. ఒక జతకి ఇనుము వైపు బొట్లు పెట్టి, రావివలస మల్లన్నకి దణ్ణం పెట్టుకుని బిగింపించాం. రెండోది అవసరానికి దాచాం.

వారం తిరగలేదు. జీడితోట నుంచి వస్తూ, గేదె అడ్డొస్తే ఆయన బ్రేకు తొక్కారు. బండి ఆగలేదు. సరుగుడు తోపు పక్కన ఇసకలో పడ్డారు. మోకాలు చీరుకుపోయింది. చక్రం విప్పి చూస్తే, బ్రేకుకి అంటించిన లైనింగు అప్పడంలా ఊడి ముక్కలై ఉంది.

ఇందు ఫోటోలు పంపింది. కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది.

“మేడమ్, ఫోటోలో పసుపు కనిపిస్తోంది. దానివల్లే అతుకు ఊడింది. వాడిన సరుకు వెనక్కి తీసుకోం.”

“బొట్టంత పసుపుకే ఊడిపోద్దేటమ్మా? మరి వానొత్తేనో? అయినా వాడకుండా పాడైందని ఎలా తెలుత్తాది?”

“మళ్లీ కొంటే తగ్గింపు ఇస్తాం మేడమ్.”

“మళ్లీ పడితే మోకాలు కూడా ఇత్తారా?”

ఫోను పెట్టేసింది. కానీ ఆ పసుపు మాట నాలో ముల్లులా దిగిపోయింది. ఆయన్ని పడేసింది నా పసుపేనా?

మర్నాడు పొద్దున్నే ఆయన కుంటుకుంటూ బండి దగ్గరికి వెళ్లారు. “పసుపు తగల్ని జతుంది కదే వరహాలమ్మా. మెకానిక్కుని రమ్మన్నాను. అది బిగించేత్తే, పలాస ఎల్లి కట్టు మార్పించుకొత్తాను.”

డబ్బా లాక్కున్నాను. ఒకటి తీసి లైనింగు అంచున గోరు పెట్టి లాగాను. అరటిపండు తొక్కలా చేతిలోకి వచ్చేసింది.

“సూడు మావా! దీనికి పసుపుందా? కుంకముందా? దొంగసరుకు అంటగట్టి తప్పు నా బొట్టు మీదకి తోసేత్తారా? నువ్వు బండి తియ్యడానికి ఈల్లేదు!”

“నీ గోళ్లకి బండే ఊడిపోద్దే” అని నవ్వి, రోడ్డు మీద పోతున్న ఆటోని ఆపి ఎక్కారు.

నా మనసు ఒప్పలేదు. డ్రైవరు లోకనాథ్‌ని అడిగాను. “నీ బ్రేకులెక్కడ కొన్నావురా?”

“పోన్లోనే మామ్మా! సవగ్గా ఒచ్చాయి.”

“దిగు మావా.”

“ఏటే, ఈ మోకాలితో నడిసెల్లమంటావా?”

“సుమ్మాదేవి టేసను దాకే కదా. నేనూ వత్తాను. రైల్లో ఎల్దాం.” భుజం అందించాను.

దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నారు. “రైలు బ్రేకులు కూడా ఎక్కడ కొన్నారో గార్డుని అడుగుతావేటి?”

“అడుగుతాను” అన్నాను.