లేవి హెలికాప్టరు, మహిమ బరువు

హెలికాప్టరు కట్టడం మొదలుపెట్టిన రోజుల్లో లేవి సన్నగా ఉండేవాడు. తర్వాత పెళ్లయింది. బేతంచెర్లలో బండల పాలిష్ మిషన్లు రిపేరు చేయడంలో పేరొచ్చింది, పేరొచ్చిన ప్రతిచోటా భోజనం పెట్టారు. హెలికాప్టరు తయారయ్యేసరికి బరువు లెక్క కట్టుకున్న మనిషి ఒకడు, సీట్లో కూర్చున్న మనిషి ఇంకొకడు అయిపోయాడు.

మొదటి పరీక్షనాడు పాత కారు ఇంజిన్ గొంతు చించుకుంది, తలమీది రెక్క గిర్రున తిరిగింది, చుట్టుపక్కల కోళ్లన్నీ పరారయ్యాయి. హెలికాప్టరు మాత్రం నేల వదల్లేదు. లేవి చెప్పులు విప్పాడు. సీటు మీది దిండు తీసేశాడు. చివరికి జేబులోని తాళాలు తీసి స్నేహితుడు ఏసన్న చేతిలో పెట్టాడు. ఏసన్న వాటిని తూకం చూసినట్టు ఆడించి, అసలు బరువు ఇంకా సీట్లోనే ఉండాది కదప్పా అన్నాడు. ఆ తర్వాత లేవి సంగటి మానేసి మజ్జిగ మీద బతికాడు. ఆ నిష్ఠ చర్చిలో ఎవరిదో పెళ్లి బిర్యానీ దాకా సాగింది.

ఇక ఇంట్లో ఉన్న తేలికైన మనిషి భార్య మహిమ. ఆమె టైలరు. కుట్టుమిషను దగ్గర కాలు ఒక పని, చెయ్యి ఒక పని చేస్తుంటే నోటితో మూడో పని చేయగలదు. ఆమెను అడిగే ధైర్యం లేక లేవి ముందు గిన్నెలు తోమిపెట్టాడు. అది చూసి ఆమెకే అనుమానం వచ్చి, ఏం కావాలో చెప్పమంది. చెప్పాడు. మహిమ చాలాసేపు జాకెట్టుకు హుక్కులు కుట్టుకుంటూ కూర్చుంది. కాపురానికి వచ్చిననాటి నుంచి ఆ హెలికాప్టరు ఇంటి వెనక రేకుల షెడ్డులో సవతిలా కూర్చుంది మరి.

"ఒక్కతూరి ఎగరేస్తా," అంది చివరికి. "దిగినాక దాన్ని ఇప్పేసి పాత ఇనుముకు ఏసేయాల. మళ్లా దాని ఊసెత్తగూడదు."

లేవి షెడ్డు దాకా పోయి, విప్పడానికి మనసొప్పక తిరిగొచ్చాడు. అయినా తను కట్టింది గాలిలో ఉండగా ఒక్కసారైనా చూడకపోతే బతుకే దండగనిపించి, సరేనన్నాడు.

హెలికాప్టరును పెద్ద బండలకు తాళ్లతో కట్టి, ఆమెకు మోకాలెత్తు, నడుమెత్తు లేపడం నేర్పాడు. ఆమె అంత తొందరగా నేర్చుకోవడం చూసి కొంచెం కుళ్లుకున్నాడు కూడా. అతని భయమంతా గాల్లో ఇంజిన్ ఆగిపోతే ఏమిటన్నదే. సీటుకు ఎడమపక్క ఒక లివరు ఉంటుంది. ఎత్తితే మిషను లేస్తుంది, దించితే దిగుతుంది. ఇంజిన్ ఆగి పడిపోతుంటే ఎవరి చెయ్యయినా దాన్ని ఎత్తాలనే చూస్తుంది. ఎత్తారో, రెక్క నీరసించి బండలా కింద పడతారు. ముందు దించాలి. అప్పుడు కింద నుంచి కొట్టే గాలికే రెక్క తిరుగుతూ ఉంటుంది. నేల దగ్గరికొచ్చాకే ఎత్తాలి.

ఇది తలకు చెబితే చాలదు, చేతికి చెప్పాలి. అందుకని లేవి ఆమె ఏ పనిలో ఉన్నా సరే, ఉన్నట్టుండి "ఆగిపాయ" అనేవాడు. ఆమె వెంటనే ఎడమచేతిని కిందికి నొక్కాలి. రొట్టె కాలుస్తుంటే అన్నాడు, నీళ్లు పడుతుంటే అన్నాడు. ఒక ఆదివారం చర్చిలో, ప్రసంగం మంచి పట్టు మీదుండగా, మగవాళ్ల వరస చివరి నుంచి ఆడవాళ్ల వైపు వంగి మరీ అన్నాడు. మహిమ చెయ్యి పక్కనున్న జీవమ్మ మోకాలి మీద దబ్బున పడింది. కునుకు తీస్తున్న ముసలామె ఉలిక్కిపడి గట్టిగా ఆమెన్ అంది. వెంటనే సంఘమంతా ఆమెన్ అంది. పాస్టరుగారు ప్రసంగం అక్కడికే ముగించుకోవాల్సి వచ్చింది.

ఎగరేయడానికి లేవి ఊరి బయట పాలిష్ ఫ్యాక్టరీల తెల్లబురద పారబోసే మైదానం ఎంచుకున్నాడు. ఎండిపోయి, గచ్చు చేసినట్టు నున్నగా ఉంది. రాయి లేదు, ముళ్లకంప లేదు. ఎండిన బురదంటే పొడేనని, రెక్క గాలికి అది లేస్తుందని అతనికి తట్టలేదు. పుట్టినప్పటి నుంచి ఆ పొడి పీల్చినవాడికి అది దుమ్ము లెక్కలోకి రాదు.

ఆ పొద్దున మహిమ చుడీదార్ వేసుకుని, ఏసన్న హెల్మెట్ పెట్టుకుని ఎక్కింది. ఇంజిన్ అందుకోగానే పిండిమర పేలినట్టు తెల్లటి పొడి లేచింది. అందులోంచి హెలికాప్టరు పైకొచ్చింది. మేడ ఎత్తు దాటి ముందుకు సాగింది. లేవికి కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఇంత ఆనందం మనిషికి ఒంటరిగా రాకూడదనిపించి ఏసన్న భుజం పట్టుకున్నాడు.

అంతలో ఆ పొడి మింగిన ఇంజిన్ దగ్గింది. ఇంకోసారి దగ్గి, ఊరుకుంది.

లేవి నోరు తెరిచాడు. రోజూ అన్న మాట ఆ క్షణాన గొంతు దాటలేదు. ఆ మనిషిని అక్కడ కూర్చోబెట్టింది నేనేనన్న ఒక్క సంగతే తెలుస్తోంది. మిషను జారిపోయింది, రెక్క మాత్రం తిరుగుతూనే ఉంది. ఆమె దించింది! నేల దగ్గర మిషను ముక్కు ఎత్తి లివరు లాగింది గానీ, కొంచెం ఆలస్యమైంది. ధనామని కుదేసి, కాళ్లు రెండూ చెరోవైపు చాపేసి, తోక వంకర పోయి హెలికాప్టరు కూలబడింది.

లేవి పరుగెత్తిపోయి చూస్తే మహిమ బెల్టు విప్పుకుంటోంది. తలనుంచి కాళ్ల దాకా తెలుపు. నడుము కలుక్కుమందని, ఇంకేం కాలేదని చెప్పింది. లేవి వంగిన తోకను ఒక్క తన్ను తన్నాడు. ఈ పొద్దే దీన్ని ముక్కలు చేస్తానని, కట్టర్ తెమ్మని ఏసన్న మీద కేకలేశాడు.

"యాడ ఎగిరినా?" అంది మహిమ. "సగంలోనే ఆగిపాయ గదా. ఇది లెక్కకు రాదు. బాగుచెయ్యి, మళ్లా ఎక్కుతా."

లేవి ససేమిరా అన్నాడు. కింద నిలబడి చూడటం తన వల్ల కాదని, ఇంకోసారైతే గుండె ఆగి చస్తానని అన్నాడు. మహిమ మొహం మీది పొడి తుడుచుకుంది.

"ఇన్నేండ్లు నువ్వు పైకి పోతావు, నేను కింద నిలబడాల అని ఎంత భయపడితినో ఒక్కనాడన్నా అడిగితివా? ఇప్పుడు నీ వంతప్పా."

లేవి ఆ పొడిలోనే కూలబడి ఏడ్చాడు. ఆమె కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత తోక యాడ వంగిందో చూద్దాం రమ్మని చెయ్యి పట్టి లేపింది.