ఏడు బై ఇరవై ఐదు

అయిలయ్య పొద్దున తన ఫ్రేముల దుకాణం షట్టర్ ఎత్తగానే గోడ మీది పటాలన్నీ పొడిగుడ్డతో తుడుస్తాడు. వర్షిత గీసిన పొలం బొమ్మ దగ్గర మాత్రం తడిసిన నేలను కూడా తుడవాలి. పొలానికి నీళ్లు పెట్టిన రోజు ఫ్రేము మూల నుంచి బొట్లు కారుతాయి.

అది హవేలిఘనపూర్‌లో బాలనర్సమ్మ పొలం బొమ్మ. ఆమె చెల్లెలి బిడ్డ వర్షిత రాగిరేకు మీద గీసి, సిరా పూసి, కాగితం మీద ఒత్తింది. నాట్లప్పుడు ఒత్తిన ఆ బొమ్మలో ఇప్పుడు వరి పొట్టకొచ్చింది. మెదక్ బజారులో పోయేవాళ్లు ఆగి చూసి, "ఈసారి పంట మంచిగుంది" అనుకుంటూ పోతున్నారు.

అవి సకల జనుల సమ్మె రోజులు. కంటి ఆపరేషన్‌కు మెదక్ వచ్చిన బాలనర్సమ్మ, బస్సులు బందై, దుమ్ములో తిరగొద్దని డాక్టరు కూడా చెప్పడంతో కూతురింట్లోనే ఉండిపోయింది. రోజూ పక్కనే ఉన్న అయిలయ్య దుకాణానికొచ్చి తన పొలం చూసుకుంటోంది. కట్టు విప్పిన రోజు బొమ్మ కింద పెన్సిల్ రాత కనబడింది.

"అయిలయ్యా, ఏడు బై ఇరవై ఐదు అంటే ఏంది? నా సర్వే నంబరు గిది కాదే! వర్షిత సంతకమెందుకు పెట్టింది?"

"అమ్మనీకి పెద్దమ్మా. కలెక్టర్లు కొంటరు."

బాలనర్సమ్మ స్టూలు మీద కూలబడింది. "నాకున్నదే గా ఎకరం. నన్ను అడగకుండ కలెక్టరుకు రాసిచ్చిందా?"

"ఆ కలెక్టరు కాదే! బొమ్మలు కొని దాచుకునేటోళ్లను గూడ గట్లనే అంటరు. ఒక్క రేకు మీదికెల్లి ఇరవై ఐదే ఒత్తి, రేకును గీకేసింది. గిది ఏడోది. మిగిలినయి హైదరాబాద్‌ల అమ్ముడువొయినయి."

"నువ్వు జెప్పినవ్, నేన్ నమ్మిన," అందామె, ఏమాత్రం నమ్మకుండా.

మర్నాడు ఆమె అనుమానం ఇంకా పెరిగింది. బొమ్మలో పొలం హద్దు తెలిపే గెట్టు రాయి వరిలోకి జరిగి ఉంది.

"నిన్న గీడ లేదు. వర్షిత చెరిపి గీసిందా? నువ్వు గీసినవా?"

"నేను ఫ్రేములు కట్టెటోన్ని పెద్దమ్మా. రాయి గీసుడు నాకేడొస్తది?"

మూడో రోజు రాయి ఇంకొంచెం లోపలికొచ్చింది; బజారంతా అదే మాట. అప్పుడే ఇంద్రకరణ్ మోటారు సైకిలు దిగాడు. ఆమె పక్క పొలం ఆయనదే.

"అయిలయ్యా, గా బొమ్మ ప్యాక్ చెయ్యి. ఎంతయినా సరే."

బాలనర్సమ్మ నల్లద్దాలు పైకి జరిపి ఆయన బూట్లు చూసింది. రెండింటికీ పొలం బురద.

"బొమ్మల మీద పానమెప్పటికెల్లి పటేలా? నీ ఇంట్ల పార్టీ క్యాలెండరు తప్ప ఇంకోటి జూడలే."

"ఊకే అవ్వా, గోడ బోసిగున్నది." అడిగిన ధర ఇచ్చి, పేపరు చుట్టిన ఫ్రేమును చంకన పెట్టుకున్నాడు. "ఇగ గిది నా బీరువాల ఉంటది."

గోడకా, బీరువాకా అని అయిలయ్య అడగబోయాడు. బాలనర్సమ్మే ముందు నోరు తెరిచింది.

"తీస్కపో పటేలా. గది ఏడోది. తక్కినయన్ని హైదరాబాద్‌ల కలెక్టర్ల ఇండ్లల్ల ఉన్నయంట. అన్నిట్ల రాయి గట్లనే నడుస్తదంట."

ఇంద్రకరణ్ చంకలోని ఫ్రేము జారబోతే పట్టుకున్నాడు. "కలెక్టర్లా?"

"ఒక్కడు గాదు. ఇరవై నలుగురు!"

కలెక్టరంటే ఎవరో చెబుదామని అయిలయ్య నోరు తెరిచాడు. బాలనర్సమ్మ అతని కాలు తొక్కింది. అతను మేకులు ఏరుకోవడంలో పడ్డాడు. మోటారు సైకిలు హవేలిఘనపూర్ దారి పట్టింది.

మధ్యాహ్నానికి దుకాణం ఫోను మోగింది. హైదరాబాద్ నుంచి, పన్నెండో బొమ్మ కొన్నాయన, ఫ్రేము వెనక నంబరు చూసి.

"ఏమయ్యా, నా బొమ్మలోకి కొత్తగా ఓ మనిషి వచ్చాడు. చేతిలో గడ్డపార. కొన్నప్పుడు లేడు. ఇది అసలుదేనా, నకిలీ అంటగట్టారా?"

"ఆయన ఏం చేస్తున్నడు సార్?"

"రాయి పెకిలిస్తున్నాడు."

అయిలయ్య బాలనర్సమ్మకూ వినబడేలా ఫోను పట్టుకుని అడిగాడు. "ఎటు జరుపుతున్నడు సార్? వరిలకా, బయటికా?"

"బయటికే."

"అయితే అసలుదే సార్."