సున్నం పూసిన రాళ్లు

ఐదో రోజు పొద్దున దాకా సుహాసిని అనుమానమంతా అనూహ్య మీదే ఉంది.

దానికి కారణం ఒక తాడు. అంతకుముందు రోజు ముడుల పరీక్ష జరిగింది. అందరికీ తలా ఒక తాడు ఇచ్చారు. కొస విడిపోకుండా సుహాసిని తన తాడుకు ఎర్ర దారం చుట్టుకుంది. పరీక్ష వేళకు చూస్తే తాడు లేదు. ఇంకొకరి తాడు అడిగి తీసుకుని ముడులు వేసింది. ఒక ముడి తప్పింది. సాయంత్రం ఎర్ర దారం చుట్టిన తాడు అనూహ్య సంచిలోంచి బయటపడింది.

"తాళ్లన్నీ ఒక్కతీరే ఉంటయి గదక్కా. సూస్కోలే," అంది అనూహ్య. అని నవ్వింది. ఆ నవ్వే సుహాసినికి నచ్చలేదు.

చౌటుప్పల్ దగ్గర ఒక ఊరి బయట ఖాళీగా పడి ఉన్న వసతిగృహంలో ఆ శిబిరం పెట్టారు. బడుల్లో స్కౌట్స్ లాంటి ఆడపిల్లల గైడ్స్ జట్లను నడిపేవాళ్లను గైడ్ కెప్టెన్లంటారు. ఆ పనికి జీతం లేదు. వారం రోజుల శిక్షణకు వచ్చి, పాసై వెళ్తేనే జట్టు పెట్టుకోనిస్తారు. వచ్చినవాళ్లంతా టీచర్లే. సుహాసినిది కేతేపల్లి. అనూహ్యది చౌటుప్పలే.

కేతేపల్లిలో పిల్లలు సిద్ధంగా ఉన్నారు. పెద్దవాళ్లే లేరు. ఆడపిల్లలను డేరాల్లో పడుకోబెడతారట అన్న మాట ఊళ్లో పాకింది. ఏడో తరగతి వర్షిత వాళ్ల అవ్వ ఈదమ్మ అయితే బడి గేటు దగ్గరే నిలదీసింది.

"నీకే రాంది మా పోరికేం నేర్పుతవ్? పోయి పాసై రా. గప్పుడు సూస్త. ఫెయిలైతే మాత్రం మా గడప తొక్కకు."

ఈదమ్మ ఎటంటే వాడకట్టు అటు. మిగిలిన తల్లులు ఆమె మాట కోసమే చూస్తున్నారు. అంటే సుహాసిని పాసు కాకపోతే కేతేపల్లిలో జట్టు లేదు.

శిక్షణ ఇచ్చే గోవిందమ్మ నకిరేకల్‌లో హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైంది. మొదటి రోజే ఒక మాట చెప్పింది. "పిల్లను మీ చేతుల పెట్టే తల్లి ముందుగాల మిమ్మల్ని అనుమానిస్తది. అనుమానించాలె గూడ. అడిగినకొద్ది జవాబు చెప్పుండ్రి. కోపం చెయ్యకుండ్రి." ఇంకో మాట మూడో రోజు చెప్పింది. "పరాయోళ్ల జాగాల అడుగుపెట్టాల్నంటే అడిగి పెట్టుండ్రి." సుహాసిని రెండూ రాసుకుంది.

ఐదో రోజు ఆనవాళ్ల పరీక్ష. ఒకరు ముందు వెళ్లి చేల గట్ల వెంట రాళ్లతో గుర్తులు పెడతారు. బాణం ఉంటే అటు నడవాలి. ఇంటూ ఉంటే అటు పోకూడదు. వలయం, మధ్యలో ఒక రాయి ఉంటే అక్కడితో అయిపోయింది. తర్వాత ఇంకొక గుంపు బయలుదేరి, ఆ గుర్తులను పట్టుకుని చివరిదాకా రావాలి. రాకపోతే తప్పు గుర్తులు పెట్టినవాళ్లది. సుహాసిని పెట్టే గుర్తులు పట్టుకుని రావలసిన గుంపుకు పెద్ద అనూహ్య.

ముందు రోజు సాధనలో వేరే ఆమె పెట్టిన బాణాలు మట్టిలో కలిసిపోయి ఎవరికీ కనిపించలేదు. ఆ తప్పు తన దగ్గర జరగకూడదనుకుంది సుహాసిని. వసతిగృహానికి కొట్టగా మిగిలిన సున్నం ఒక బకెట్లో ఉంది. రాళ్లేరుకుని అందులో ముంచింది. ఆరబెట్టి సంచిలో వేసుకుని బయలుదేరింది.

గుర్తులు బత్తాయి తోట గట్టు మీదుగా పెట్టుకుంటూ పోయింది. తోట చివర బాట రెండుగా చీలింది. ఒకటి మోటారు గది వైపు, ఒకటి పాడుపడ్డ బావి వైపు. బావి వైపు ఇంటూ పెట్టింది. మోటారు గది ముందు వలయం పెట్టి, నడుమ రాయి ఉంచింది. తోటలో మనిషి లేడు. అడగడానికి ఎవరున్నారు అనుకుంది. కేతేపల్లిలో గట్టు మీద నడవడానికి ఎవరూ ఎవర్నీ అడగరు.

మోటారు గది నీడలో కూర్చుని గుంపు కోసం చూసింది. ఎండ కాళ్ల దాకా వచ్చింది. ఎవరూ రాలేదు.

లేచి వెనక్కి నడిచింది. చీలిక దగ్గర ఇంటూ లేదు. రాళ్లు ఉన్నచోట మట్టికి తెల్లగా సున్నం అంటుకుని ఉంది. బాణమూ లేదు. గట్టు మీద ఇంకొంత దూరం నడిచింది. అక్కడా సున్నం మరకలే.

తాడు గుర్తొచ్చింది. రాళ్లు తీసేసి, గుర్తులే లేవని గోవిందమ్మకు చెప్తే అనూహ్యకు పోయేదేమీ లేదు. పోయేది తనకే. ఆ కోపంలో నాలుగు అడుగులు వేసింది. అప్పుడు బావి సంగతి తట్టింది. ఇంటూ లేకపోతే వాళ్లు బావి వైపు కూడా పోవచ్చు. కొంగు నడుముకు చెక్కుకుని పరిగెత్తింది.

బావి దగ్గర ఎవరూ లేరు. కేకలు తోట అవతలి నుంచి వస్తున్నాయి.

అవతల పత్తి చేను. పత్తి ఏరే ఆడవాళ్లు సంచులు నడుముకు కట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. మధ్యలో అనూహ్య, ఆమె గుంపు. వాళ్ల ముందు తోట యజమాని జంగయ్య. భుజాన గడ్డపార, కాళ్ల దగ్గర గంప. గంపలో తెల్ల రాళ్లు. అతని భార్య పుష్పమ్మ చేతిలో కొడవలి ఉంది.

"మీది ఏ ఆఫీసు?" అంటున్నాడు జంగయ్య.

"ఆఫీసు గాదు కాకా. ట్రైనింగు," అంది అనూహ్య.

"పోయినేడు వచ్చినోళ్లు గూడ గట్లనే అన్నరు. కాలేజోళ్లమన్నరు. చెట్లు లెక్కవెట్టుడు నేర్సుకుంటున్నమన్నరు. సల్ల తాగి పోయిండ్రు. నెల తిరగలే, పక్క చేన్ల సున్నం గీతలు పడ్డయి. రోడ్డంటరు, కంపెనీ అంటరు, వెంచరంటరు. ఏదీ ఖుల్లా చెప్పరు."

"సల్ల నేనే పోసిన," అంది పుష్పమ్మ. "ఇంకో చెంబు అడిగితే గూడ పోసిన. గీసారి సల్ల లేదు. ఎవలు తోలిండ్రో చెప్పి పోండ్రి."

"గీ నీలం చీరలేంది, మెడకు రుమాలేంది? కండక్టర్ల లెక్క ఉన్నరు," అంది పత్తి ఏరే ఒకామె.

"కండక్టరైతే టికెట్లు కొడ్తది గని రాళ్లు పెడ్తదానే?" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. జంగయ్య నవ్వలేదు.

"గీ రాళ్లు ఎవలు పెట్టిండ్రు?"

"తెల్వదు కాకా. మేం ఇప్పుడే వస్తున్నం," అంది అనూహ్య. తల ఎత్తకుండా అంది.

సుహాసిని గట్టు మీదే ఆగిపోయింది. అనూహ్యకు తెలుసు. గుంపులో అందరికీ తెలుసు. పేరు చెప్తే బయటపడతారు. అయినా ఆమె చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? మంచితనం అనుకోవడానికి సుహాసినికి మనసొప్పలేదు. అయినా కిందికి దిగింది.

"నేనే పెట్టిన కాకా."

అందరూ ఇటు తిరిగారు.

"ఎవలు పెట్టుమన్నరు?"

"ఎవలూ పెట్టుమనలే. పరీక్ష. అడవిల తొవ్వ తప్పితే పిల్లలు గుర్తులు చూస్కుంట ఎట్ల రావాల్నో మాకు నేర్పుతున్నరు. మేం పోయి బళ్ల పిల్లలకు నేర్పుతం."

"తొవ్వ ఫోన్ల ఉంటది గదా."

"ఫోన్ లేకుంటే?"

"లేకుంటే మనుషులను అడుగుతరు. నా గట్టు మీద రాళ్లు పెట్టినవ్. నన్ను అడిగినవా నువ్వు?"

సుహాసిని తల అడ్డంగా ఊపింది.

గుంపులో ఒకామె ముందే జారుకుని వెళ్లి గోవిందమ్మను పిలుచుకొచ్చింది. ఎండలో వచ్చిన గోవిందమ్మ గంప చూసింది, సుహాసినిని చూసింది.

"అడిగి పెట్టినవా?"

"లేదు మేడం."

"సున్నం ఎందుకు?"

"కనపడాల్నని."

గోవిందమ్మ జంగయ్యకు దండం పెట్టింది. "తప్పు మాదే పటేలా. గీ దిక్కు సున్నం ముట్టొద్దని నేను ముందుగాల చెప్పాల్సింది."

"తప్పు సంగతి తర్వాత. మీ రాళ్లు మీరు ఏరుకపోండ్రి. ఒక్కటి గూడ నా జాగాల ఉండొద్దు," అని జంగయ్య గంప బోర్లించాడు.

సుహాసిని కూర్చుని తెల్ల రాళ్లను ఒక్కొక్కటే సంచిలో వేసుకుంది. చివరికి ఒక రాయి మిగిలింది. దాన్ని నాలుగు పక్కలా చెక్కారు. తల మీద ఎర్ర రంగు. కింది సగానికి తడి మట్టి ఉంది.

"గది గూడ తీస్కో," అన్నాడు జంగయ్య.

"అది నాది గాదు కాకా."

"సక్కగ సూడు. నీ రాళ్లు ఏరుకుంట పోతుంటే గెట్టు కాడ గడ్డిల కనవడ్డది. గడ్డపారతోని లేపిన. నీ వెంట వచ్చిందే."

"నావి ఈడ ఏరిన రాళ్లే. సున్నంల ముంచిన. గిది చెక్కిన హద్దు రాయి. భూమిల దిగేసిండ్రు."

పత్తి ఏరేవాళ్లు రాయి దగ్గరికి జరిగారు. జంగయ్యకు ఉన్నది రెండెకరాల ఇరవై గుంటలు. బత్తాయి ఇప్పుడిప్పుడే కాపు పట్టింది. అతను రాయి వైపు చూడడం లేదు. సుహాసిని వైపే చూస్తున్నాడు. దొంగను పట్టుకున్నాననుకున్న మనిషి, ఆమె దొంగ కాకపోతే ఎలా అన్నట్టు చూస్తున్నాడు.

పుష్పమ్మ కొడవలి కింద పెట్టింది. వచ్చి సుహాసిని చెయ్యి పట్టుకుంది.

"నీదే అని చెప్పు బిడ్డా. ఏమనం. సల్ల పోస్త."

నాదే అంటే అక్కడితో అయిపోతుంది. వీళ్లు ఇంటికి పోతారు. గోవిందమ్మ తననే చూస్తోంది. సుహాసినికి ఈదమ్మ గుర్తొచ్చింది. పాసు కావాలంటే ఏ జవాబు చెప్పాలో కూడా తేల్చుకోలేకపోయింది.

"నాది గాదమ్మా," అంది.

పుష్పమ్మ చెయ్యి వదిలేసింది. జంగయ్య గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు.

"అంటే కొలిచేటోళ్లు వచ్చిపోయిండ్రన్న మాట," అన్నాడు.

అనూహ్య అప్పటికీ తల ఎత్తలేదు.

వసతిగృహానికి తిరిగి వస్తుంటే సుహాసిని ఆమెను పక్కకు ఆపింది. "గా రాయి ఎవలదో నీకు తెల్సా?"

"నాకెట్ల తెలుస్తదక్కా?"

"మరి తలకాయ ఎందుకు దించినవ్? నా పేరెందుకు చెప్పలే?"

అనూహ్య ముందు పోయేవాళ్లు వినడం లేదని చూసుకుంది. "మా నాయిన ప్లాట్ల బ్రోకర్. కమలాకరంటే గీ దిక్కు అందరికి ఎరుకే. మాట పెరిగితే గా పెద్దాయన మా ఊరు అడుగుతడు, నాయిన పేరు అడుగుతడు. గందుకే నోరు మూస్కున్న. నీ కోసం అనుకోకు."

"రాయి మీ నాయినదేనా?"

"ఆయనదైతే నాకు చెప్తడా?"

"మరి తాడు?"

"తాడు నిజంగనే సూస్కోలేదక్కా."

సుహాసిని సగం నమ్మింది. ఏ సగమో ఆమెకూ తెలియదు.

సాయంత్రం గోవిందమ్మ పిలిచింది. "అడగక పెట్టినవ్. గీ పరీక్ష ఫెయిల్. రేపు మల్ల పెట్టు. గా చేన్లనే పెట్టు."

"వేరే చేను చూస్కుంట మేడం. ఆయన తిడ్తడు."

"తిడ్తడు. నిన్ను నమ్మినోన్ని అడుగుడు ఎవలకైన వస్తది. రేపు నీ పిల్లల తల్లులు గూడ గట్లనే తిడ్తరు. వాళ్లను మారుస్తవా?"

మర్నాడు పొద్దున సుహాసిని ఖాళీ చేతులతో వెళ్లింది. జంగయ్య మోటారు గది దగ్గర ఉన్నాడు. ఎక్కడెక్కడ ఏ గుర్తు పెట్టాలనుకుంటుందో చెప్పి, పెట్టుకోవచ్చా అని అడిగింది. అతను పైపు మూత బిగించి, చేతులు తుడుచుకుని వచ్చాడు.

"సున్నం ఒద్దు. రాయి ఒద్దు. నేను ఎంబడి ఉంట."

గడ్డి ముడులతో, పుల్లలతో గుర్తులు పెట్టింది. జంగయ్య ఆమె వెనకే నడిచాడు. ప్రతి గుర్తు దగ్గర వంగి చూశాడు. "గిదేంది?" అని ప్రతిసారీ అడిగాడు. ప్రతిసారీ ఆమె చెప్పింది. చేను హద్దు గెట్టు దగ్గర రాయి లేపిన గుంత పూడ్చి ఉంది. మన్ను ఇంకా కొత్తగా ఉంది. ఇద్దరూ దాన్ని దాటి నడిచారు.

మోటారు గది ముందు పుల్లతో నేల మీద వలయం గీసింది. మధ్యలో చుక్క పెట్టింది.

"గిదేంది?"

"ఇంటికి పోయిన అని."

"ఎవలు పోయిండ్రు?"

"గుర్తులు పెట్టినోళ్లు. ఇగ ఈడ ఎవ్వరు లేరు, ఎతకొద్దు అని."

జంగయ్య బత్తాయి చెట్ల వైపు చూశాడు. తర్వాత వలయం వైపు చూశాడు.

"గది నా జాగాల ఒద్దు. బాట మీద పెట్టుకో."

సుహాసిని కాలితో చెరిపేసి, బాట మీదికి పోయి మళ్లీ గీసింది. ఎండ ముదరకముందే గుంపు వచ్చింది. ముందు అనూహ్య ఉంది. ఎక్కడా తప్పిపోలేదు. జంగయ్య ఆమె పేరు అడగలేదు. పుష్పమ్మ చెంబు పట్టుకుని గట్టు మీద నిలబడింది. వచ్చిన దారినే వెనక్కి వెళ్లి వాళ్లు ప్రతి ముడీ విప్పి, ప్రతి పుల్లా ఏరి వచ్చేదాకా సల్ల పోయలేదు.

శిబిరంలోకి రాగానే తీసుకున్న ఫోన్లు ఆఖరి రోజు తిరిగి ఇచ్చారు. సుహాసిని ముందుగా ఈదమ్మకు చేసింది.

"పాసైన అవ్వా."

"ఎవలు చెప్పిండ్రు?"

"మేడం చెప్పింది. వర్షితను పంపుతవా?"

"ముందు నువ్వు రా. నాలుగు మాటలు అడిగేది ఉంది."

"అడుగు అవ్వా," అంది సుహాసిని.