గీత పడని అద్దం

నేను ఒక కళ్లద్దాన్ని. అలా అన్నానని నన్ను ఎవరి ముక్కు మీదో ఊహించుకోకండి. నాలో పవరు లేదు, నన్నెవరూ పెట్టుకోలేదు. రుద్దించుకోవడమే నా పని.

పుట్టింది ఒక పెద్ద కంపెనీలో. ఉత్త ప్లాస్టిక్ బిళ్లనైన నన్ను ఏదో ద్రవంలో ముంచి, వేడి పెట్టెలో ఉంచి, ఒంటికి గట్టి పూత పట్టించారు. ఆ తర్వాత పరీక్ష. బరువు కట్టిన స్టీలు పీచుతో ఒక మిషను నన్ను ముందుకీ వెనక్కీ రాపాడించింది. నాతో వచ్చినవాళ్లలో కొందరు అక్కడే చారలు పడి చెత్తబుట్టలోకి పోయారు. పరీక్ష చేసే ఆయన నన్ను దీపం ముందు తిప్పి తిప్పి చూసి, పాసని పక్కన పెట్టాడు. పెట్టి, తన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అలా తుడిస్తేనే గీతలు పడతాయని అందరికీ చెప్పే మనిషి! మనుషుల మీద నాకు గౌరవం పోయింది అప్పుడే.

కంపెనీ మనిషి సంచిలో సామర్లకోట చేరి, కొండలరావు కళ్లజోళ్ల కొట్టులో పడ్డాను. ఎవరొచ్చినా అతను పీచు తీసి నన్ను బరబరా తోమేవాడు. గీత పడేది కాదు. జనం నోళ్లు తెరుచుకుని చూసేవారు. తీరా వాళ్లకి అంటగట్టేది పూత లేని చవక బిళ్లలు. తమ అద్దాన్ని కూడా ఓసారి తోమి చూపించమని ఒక్కరికీ తోచేది కాదు. ఇలాంటి బుర్రలకి కళ్లు బాగుంటే ఎంత, పోతే ఎంత అనుకునేదాన్ని.

ఒకరోజు నూకరత్నం అనే ఆవిడ, ఒకటో తరగతి చదివే కూతురు దీక్షితని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల ఎడమకన్ను మందగించిందట. ఇప్పుడే అద్దాలు పెట్టి ఆ కంటికి చూపు అలవాటు చెయ్యకపోతే, పెద్దయ్యాక ఏం చేసినా రాదని డాక్టరు చెప్పారట. అద్దాలు ఎక్కడ పాడైపోతాయోనని ఆవిడ భయం. గట్టివేనా, గట్టివేనా అని ఒకటే అడగడం. కొండలరావు నన్ను తోమి చూపించాడు.

"నిశ్చింతగా ఉండమ్మా. మీ అంట్లతోపాటు తోముకున్నా ఏం కాదు."

అని, ఎప్పటిలాగే పూత లేని బిళ్లలు బిగించి పంపాడు. ఆ తల్లి నిజంగానే తోమింది. పిల్ల జోడు కొంచెం మురికైతే చాలు, కుళాయి దగ్గర కూర్చుని, గిన్నెలతోపాటు శ్రద్ధగా, స్టీలు పీచుతో. కొన్నాళ్లకే అద్దాలు మంచు పట్టినట్టు తెల్లబడ్డాయి. పిల్ల జోడు కిందకి జార్చి, పైనుంచి కుడికన్నుతోనే చూడటం మరిగింది. డాక్టరు కేకలేశారు. ఆవిడ పరుగెత్తుకొచ్చి ఇదంతా చెప్పింది.

కొండలరావు కొట్టులో వాళ్లందరికీ వినపడేలా నవ్వాడు. "పీచుతో కళ్లజోడు తోమే తల్లిని ఇప్పుడే చూశాను. నాలుగు ముక్కలు చదువుకుంటే ఇలా చెయ్యరమ్మా."

నేనూ లోపల నవ్వుకున్నాను.

ఆవిడ తల దించుకుంది. నా పక్కనున్న పీచు తీసి అతని చేతిలో పెట్టింది.

"మీరు తోమితే పడలేదు కదండీ, నేను తోమితే ఎందుకు పడిందండీ? కొత్తవి ఇవ్వండి. ఇచ్చేముందు ఆటినే తోమండి, దీన్ని కాదు."

కొండలరావు ఒక కొత్త బిళ్ల తీశాడు. పీచు దాని దాకా వెళ్లి ఆగిపోయింది. బల్ల మీద కూర్చున్న ముసలాయన ఒకడు, ఆ కొట్టులోనే కొన్న తన జోడు తీసి ముందు పెట్టాడు. "నాది కూడా ఓపాలి తోమవయ్యా, కొండలరావూ."

అతను లోపలికి వెళ్లి, పూత ఉన్న అద్దాలు తెచ్చి, ఆవిడ ఎదుటే తోమాడు. గీత పడలేదు. వాటిని ఫ్రేములో బిగిస్తుంటే దీక్షిత నన్ను తీసి ఎడమకంటికి ఆనించుకుంది. నా బతుకులో మొదటిసారి ఒక కన్ను! పొంగిపోయాను.

"అమ్మా, ఇందులో కూడా నువ్వు మసగ్గానే ఉన్నావు" అంది.

ఆ రోజే కొండలరావు నన్ను విరిగిన ఫ్రేముల డబ్బాలోకి విసిరేశాడు. దీక్షిత పాత అద్దం వచ్చి నా మీద పడింది. ఒళ్లంతా చారలు, తెల్లబడ్డ మొహం. నాకలవాటైన ఈసడింపు నోటిదాకా వచ్చి ఆగింది. చారలు పడకముందు కొన్నాళ్లైనా అది ఆ పిల్లకి తల్లి మొహం చూపించింది.

నా మీద మాత్రం ఇప్పటికీ ఒక్క గీత లేదు.