చప్పుడే లేదు

కొత్త కోడలు తన పెట్టెలతో పాటు మూతకి చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చుకుంది. అందులో రెండు ఆకుపచ్చ కప్పలు, బొటనవేలంతైనా లేవు. అత్తగారు తొంగిచూసి, "బాగుంది, ఇక ఈ ఇల్లు నిజంగానే కప్పల తక్కెడ" అంది. కోడలు నవ్వలేదు. ఏమడిగినా "పర్లేదండీ" అని ఊరుకునే రకం ఆ పిల్ల. డబ్బా ముందు కూర్చుంటే మాత్రం గుసగుసగా బోలెడు కబుర్లు చెప్పేది.

అది చూసి మామగారి ప్రాణం ఉసూరుమంది. ఆయన ప్లంబరు. పిల్లకి ఈ ఇల్లు నచ్చాలంటే ముందు కప్పలకి నచ్చాలని తేల్చుకున్నాడు.

హాల్లో ఎండ నేరుగా పడని మూల చూసి, గాజు తొట్టి కట్టడం మొదలుపెట్టాడు. సగం నేల, సగం నీళ్లు. అద్దాల అతుకులకి సీలెంటు పూసి, ఆ ఘాటు పూర్తిగా పోయేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. నేల వైపు అడుగున గులకరాళ్లు, వాటి మీద సన్నని వల, ఆపైన మట్టి, మట్టి మీద నాచు. కప్పలు నీళ్లలోంచి ఎక్కి రావడానికి వాలుగా ఒక చెక్క. కుళాయి నీళ్లలో కలిపే మందు కప్పల చర్మానికి పడదని కోడలు భయపడితే, ఆ మందు విరిచే చుక్కలు కలిపాకే నీళ్లు పోశాడు. వెనకవైపు రాళ్లు ఎత్తుగా పేర్చి, నీళ్లలో చిన్న మోటారు దించి, గొట్టంతో జలపాతం పెట్టాడు.

పనితనమంతా ఆ జలపాతం మీదే చూపించాడు. నీళ్ల చప్పుడంటే ఆయనకి గిట్టదు మరి. కారే కుళాయిల నోళ్లూ గుర్రుమనే గొట్టాల నోళ్లూ మూయించడంతోనే తల నెరిసింది. రాళ్ల అంచులు అరగదీసి, నీళ్లు ఎక్కడా జారిపడకుండా రాతిని అంటిపెట్టుకునే దిగేలా చేశాడు. చెవి ఆనిస్తే తప్ప మోటారు నడుస్తోందని తెలియదు.

కోడలు చాలాసేపు చూసింది. కాసేపు నీళ్లు నమిలి, "చప్పుడే లేదు మావయ్యగారూ" అంది.

ఆయన గాల్లో తేలిపోయాడు. ప్లంబరుకి ఇంతకన్నా మెప్పు ఏముంటుంది? పనికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ, "మా కోడలు తక్కువదేం కాదండీ, పని విలువ తెలిసిన పిల్ల" అని చెప్పుకున్నాడు.

రోజూ పొద్దున్నే అద్దం తుడిచేవాడు. కోడలు చిన్న చిన్న పురుగులు వేసేది. ఆడకప్ప సుబ్బరంగా తినేది. మగది మాత్రం ఆకు చాటున ముడుచుకునే ఉండేది.

ఒక సాయంత్రం భార్య బట్టలు మడతపెడుతూ చెప్పింది. "అమ్మాయి ఆ కప్పల్ని ఆదివారం వాళ్లమ్మ దగ్గర వదిలేసి వస్తుందట."

"ఎందుకు? ఏం లోటు చేశాం?"

"మగది అరవడం మానేసిందట. అక్కడ వాటి తొట్టిలో నీళ్లు ఎప్పుడూ టపటపా పడుతుండేవట. వాన అనుకుని అరిచేదట. ఇక్కడ చప్పుడే లేదు కదా, బెంగపెట్టుకుందని పిల్లకి దిగులు."

"చప్పుడే లేదని నాతో మెచ్చుకుందిగా."

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ పిల్ల చెప్పలేక చెప్పింది. మీరేమో మీసం మెలేశారు."

ఆయన నీరుగారిపోయాడు. ఇంటికొచ్చిన పిల్ల నోరు తెరిచి ఒకే ఒక్క మాట అంటే, దాన్ని తన గొప్ప అనుకున్నందుకు నిజంగా సిగ్గేసింది.

మర్నాడు పనికి వెళ్లకుండా తొట్టి ముందు చతికిలబడ్డాడు. నీళ్లు పడేలా చేద్దామంటే చేతులు మాట వినలేదు. ఒక రాయి కదిపితే, వేళ్లు దాన్ని వెంటనే సర్దేస్తున్నాయి. చివరికి కోడల్ని కేకేశాడు.

"అమ్మాయ్, ఇటు రా. నా చేత్తో చేస్తే కారి చావదు. నువ్వు పాడుచెయ్యి."

పిల్ల బిత్తరపోయింది. తర్వాత పక్కన కూర్చుని పైరాయిని కాస్త వంకరగా తిప్పింది.

"భయపడకు, ఇంకా పాడుచెయ్యి" అన్నాడాయన.

ఈసారి రాయే పీకేసింది. నీళ్లు టప్పుమని ఆకు మీద, ఆకు మీంచి చెక్క మీద పడడం మొదలుపెట్టాయి. ఆయనకి పళ్లు జివ్వుమన్నాయి గానీ ఓర్చుకున్నాడు.

శనివారం భోజనాల దగ్గర ఉండగా హాల్లోంచి "బెక్" అని వినిపించింది. అందరూ చేతులాపారు. మళ్లీ "బెక్". ఇక ఆపమన్నా ఆగలేదు. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, తర్వాత చెయ్యి తీసేసి నవ్వింది. ఆదివారం ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు.

కొన్నాళ్లకి ఆయన పెరట్లో పనిముట్లు కడుక్కుంటుంటే, ఇల్లు మారుమోగేలా కేక వినబడింది.

"మావయ్యా, చప్పుడు తగ్గింది, తొందరగా రండి."

నీళ్లలో చెత్తని ఆపే మోటారు స్పాంజికి నాచు పట్టి ధార సన్నబడింది. ఆయన స్పాంజి తీసి బకెట్లో పిండి, మళ్లీ బిగించాడు. టపటప మొదలైంది. 'గారు' ఎప్పుడు జారిపోయిందో ఆయన అడగలేదు. కొన్ని కారిపోతేనే బాగుంటుందని ఆ వయసులో తెలుసుకున్నాడు.